ఒకే తేదీకి నాలుగు పేర్లు, వెట్టికి చోటేది?

సెప్టెంబరు 17 వచ్చిందంటే హైదరాబాద్‌లో ఒకే ఉదయం రెండు ప్రభుత్వాలు వేర్వేరుగా జెండా ఎగరేస్తాయి. సికింద్రాబాద్ పరేడ్ మైదానంలో కేంద్ర ప్రభుత్వం ‘హైదరాబాద్ విమోచన దినం’ జరుపుతుంది. అక్కడికి కొద్ది దూరంలోని పబ్లిక్ గార్డెన్స్‌లో రాష్ట్ర ప్రభుత్వం మరో పేరుతో వేడుక చేస్తుంది. 2022లో ఆ పేరు ‘తెలంగాణ జాతీయ సమైక్యతా దినం’. ప్రభుత్వం మారాక 2024లో అది ‘ప్రజాపాలన దినోత్సవం’ అయింది. అదే ఏడాది మార్చిలో, ఇకపై ఏటా ఈ తేదీని విమోచన దినంగా జరపాలని కేంద్రం అధికారికంగా ప్రకటించింది. ఇక వామపక్షాలది వేరే దారి. ఆ వారమంతా అవి సాయుధ పోరాట వార్షికోత్సవాలు జరుపుతాయి. వాటిలో కొన్ని సంస్థలకైతే అది ‘విద్రోహ దినం’.

ఒక తేదీకి ఇన్ని పేర్లు ఎందుకు? ఈ ప్రశ్నకు పత్రికల్లో ఏటా వచ్చే సమాధానం ఓట్ల రాజకీయం. ఆ సమాధానం తప్పు కాదుగానీ చాలదు. ఈ పేర్లన్నింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే వాటి మధ్య ఉన్న తేడా కంటే వాటి మధ్య ఉన్న పోలిక ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తుంది. హైదరాబాద్ గద్దె మీద ఎవరు కూర్చున్నారు, ఎవరు దిగిపోయారు, దించినవాళ్లు మిత్రులా ద్రోహులా అన్నదే ఈ పేర్లన్నీ చెప్పే సంగతి. ఊళ్లో ఎవరు ఎవరికి వెట్టి చేశారు, ఆ వెట్టి ఏ తేదీన ముగిసింది అన్న ప్రశ్నకు వీటిలో ఏ ఒక్క పేరులోనూ జవాబు లేదు. ఆ జవాబు లేకపోవడం యాదృచ్ఛికమని అనుకోలేం. ప్రభుత్వాలు చరిత్రను జాతి గుర్తింపుగా మలిచే పద్ధతిలోనే ఆ లోపం ఉంది.

జాతి అనే భావన నిలబడాలంటే కొన్ని సంగతులను ఉమ్మడిగా గుర్తుంచుకోవడం ఎంత అవసరమో, కొన్నింటిని ఉమ్మడిగా మరచిపోవడం కూడా అంతే అవసరమని ఫ్రెంచి పండితుడు ఎర్నెస్ట్ రెనాన్ 1882లో పారిస్‌లో చేసిన ప్రసంగంలో వివరించాడు. ఆ మాట ఐరోపా జాతుల గురించి చెప్పినది. మన దేశానికి దాన్ని అన్వయించినప్పుడు ఒక అదనపు ప్రశ్న వేసుకోక తప్పదు. మరచిపోవాల్సిన భారం ఎవరి మీద పడుతున్నది? కొట్టినవాడు మరచిపోవడం సులువు. దెబ్బ తిన్నవాడిని కూడా మరచిపొమ్మని అడిగితే అది ఐక్యత అనిపించుకోదు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ చేసిన చివరి ప్రసంగంలో ఈ ప్రశ్నే ఉంది. వేల కులాలుగా చీలిన మనుషులు అప్పటికే ఒక జాతి అయిపోయారనుకోవడం భ్రమ అని, కులాలు జాతికి వ్యతిరేకమైనవని ఆయన హెచ్చరించారు. అంటే ఆయన దృష్టిలో జాతి అనేది గతం నుంచి వారసత్వంగా దిగివచ్చే ఆస్తి కాదు, ఇంకా కట్టుకోవలసిన ఇల్లు. ప్రభుత్వాల ఉత్సవాలు మాత్రం ఆ ఇల్లు ఎప్పుడో పూర్తయినట్టు ఏటా గృహప్రవేశం జరుపుతూ ఉంటాయి.

మొదట ‘విమోచన’ను పరిశీలిద్దాం. ఈ మాట చెప్పే కథ సూటిగా ఉంటుంది. ఒక ముస్లిం రాజు, అతని కింద నలిగిన హిందూ ప్రజ, వారిని విడిపించిన భారత సైన్యం. ఈ కథలో అబద్ధమని కొట్టిపారేయలేని అంశాలు ఉన్నాయి. రజాకార్ల దౌర్జన్యం నిజం. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో జరిగిన మారణకాండ నిజం. ఆ నేరాలను తగ్గించి చెప్పవలసిన అవసరం ఎవరికీ లేదు. అయితే అదే నెలలో రజాకార్లు హైదరాబాద్ వీధిలో నరికి చంపిన పత్రికా సంపాదకుడి పేరు షోయబుల్లా ఖాన్. రాజ్యం భారతదేశంలో కలవాలని రాసినందుకే ఆయన ప్రాణం పోయింది. రాజుకు ఒక మతం, ప్రజకు ఒక మతం అని గీసిన గీత ఈ ఒక్క పేరు దగ్గరే చెరిగిపోతుంది.

ఊళ్లోకి వెళ్తే ఆ గీత మరింత పలచబడుతుంది. 1941 జనగణన నాటికి హైదరాబాద్ రాజ్య జనాభా కోటీ అరవై లక్షల పైచిలుకు. అందులో దాదాపు సగం మంది తెలుగు మాట్లాడేవారు. రాజ్యంలోని భూమిలో సుమారు 40 శాతం నిజాం సొంత ఆస్తి అయిన సర్ఫ్-ఎ-ఖాస్ కింద, జాగీర్ల కింద ఉండేది. మిగిలిన దివానీ ప్రాంతంలో, ముఖ్యంగా తెలంగాణ జిల్లాల్లో, పల్లె మీద నిజమైన పెత్తనం దేశ్‌ముఖులది, దేశ్‌పాండ్యాలది, పటేల్ పట్వారీలది. వారిలో అత్యధికులు హిందువులు, అందులోనూ భూములున్న అగ్రకులాలవారు. నిజాం ఎక్కడో కింగ్ కోఠీలో ఉండేవాడు. గడీ మాత్రం ఊరి నడిబొడ్డున ఉండేది.

ఆ గడీకి జరిగిన వెట్టి అందరి నుంచీ ఒకే రకంగా సాగలేదు. అది కులాన్ని బట్టి పంచిన పని. చాకలి గడీలో బట్టలు ఉతకాలి, అంట్లు తోమాలి. కుమ్మరి కుండలు ఇవ్వాలి, నీళ్లు మోయాలి. గొల్ల కురుమలు పండుగకూ పెళ్లికీ గొర్రెను తోలుకొచ్చి అప్పగించాలి. గౌడులు కల్లు పోయాలి. సాలెలు బట్ట నేసి ఇవ్వాలి. వడ్రంగి, కమ్మరి నాగళ్లకూ బండ్లకూ కూలి లేకుండా పని చేయాలి. మాదిగలు చెప్పులు కుట్టాలి, మోట బొక్కెనకు తోలు ఇవ్వాలి. మాలలు, మాదిగలు అధికారుల మూటలు మోయాలి, వారి బండ్ల ముందు పరుగెత్తాలి, రాత్రివేళ కబురు పట్టుకుని పక్క ఊరికి పోవాలి. అప్పు తీరేదాకా మనిషినే తాకట్టు పెట్టుకునే భగేలా పద్ధతి దీనికి తోడు. మాడపాటి హనుమంతరావు ‘తెలంగాణ ఆంధ్రోద్యమము’ చదివినా, పుచ్చలపల్లి సుందరయ్య రాసిన సాయుధ పోరాట చరిత్ర చదివినా ఈ చిత్రం కనిపిస్తుంది. ఇద్దరి రాజకీయాలు వేరు, చిత్రం మాత్రం ఒకటే. ‘బేగారి’ అంటే కూలి లేని చాకిరీ. ఆ మాట ‘బేగరి’గా మారి మెదక్, రంగారెడ్డి ప్రాంతాల్లో నేటికీ ఎన్నో దళిత కుటుంబాలకు ఇంటిపేరుగా నిలిచింది. ఉత్సవాలు వదిలేసిన చరిత్రను ఓటరు జాబితాలు భద్రపరచడం అంటే ఇదే.

ఇప్పుడు విసునూరు దేశ్‌ముఖ్‌ను గుర్తు చేసుకుందాం. కామారెడ్డిగూడెంలో భూమి తగాదాలో హత్యకు గురైన రైతు షేక్ బందగి. ‘మా భూమి’ నాటకానికి ఆధారమైన కథ ఆయనదే. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు చేసిన భూమినీ, దాని మీది పంటనూ లాక్కోవడానికి జరిగిన ప్రయత్నం మనకు తెలుసు. 1946 జులై 4న కడవెండిలో తుపాకీ గుండుకు దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఒకరు ముస్లిం, ఒకరు రజక స్త్రీ, ఒకరు కురుమ యువకుడు. ముగ్గురి మీదా పడిన చెయ్యి ఒకే దేశ్‌ముఖ్ కుటుంబానిది, ఆ కుటుంబం హిందువులది. విమోచన అనే పేరు ఈ ముగ్గురిలో ఎవరిని ఎవరి నుంచి విడిపించినట్టు చెబుతుంది? రాజు మతం మీద వెలుగు పడినకొద్దీ దొర కులం చీకట్లోకి జరిగిపోతుంది. ఆ పేరు చేసే పని అది.

‘సమైక్యత’ అనే పేరు కొంచెం మెత్తనిది. మత విద్వేషానికి విరుగుడుగా దాన్ని ముందుకు తెచ్చినవారి ఉద్దేశాన్ని అర్థం చేసుకోవచ్చు. కానీ అది కూడా తనదైన మరపును కోరుతుంది. 1948 సెప్టెంబరు 13న మొదలైన సైనిక చర్య 17న నిజాం లొంగుబాటు ప్రకటనతో ముగిసింది. మరుసటి రోజు మేజర్ జనరల్ జె.ఎన్.చౌధురి ఎదుట హైదరాబాద్ సేనాని ఎల్ ఎద్రూస్ లాంఛనంగా లొంగిపోయాడు. ఆ తరువాత ఏం జరిగింది? గద్దె దిగిన నిజాం 1950 నుంచి 1956 దాకా రాజప్రముఖ్ హోదాలో కొనసాగాడు. ఏటా 50 లక్షల రూపాయల రాజభరణం అందుకున్నాడు. ఊళ్ల నుంచి పారిపోయిన దొరలు సైన్యం వెంట తిరిగి వచ్చారు. వచ్చినవారిలో చాలామంది తలమీద అప్పటికే ఖద్దరు టోపీ ఉంది. పేదలు దున్నుకుంటున్న భూములు మళ్లీ చేతులు మారాయి. రజాకార్ల మీదికని వచ్చిన సైన్యం 1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగేదాకా రైతు దళాల మీద పనిచేసింది.

మరొక సంగతి ఉంది. సైనిక చర్య సమయంలోనూ, ఆ తరువాతి వారాల్లోనూ ముస్లింల మీద జరిగిన హింసను విచారించడానికి నెహ్రూ ప్రభుత్వం పండిత్ సుందర్‌లాల్ బృందాన్ని పంపింది. ఎంత తగ్గించి లెక్కవేసినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని ఆ బృందం అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో నష్టం ఎక్కువ. నివేదికను ప్రభుత్వం దశాబ్దాలపాటు ప్రచురించలేదు. తమ ప్రజల మరణాల లెక్కను బీరువాలో పెట్టి తాళం వేసిన రాజ్యం అదే తేదీకి సమైక్యత అని పేరు పెట్టుకోవడంలోని విడ్డూరాన్ని విద్యార్థులు గమనించాలి. సమైక్యత నిజమైనదైతే దానికి బైరాన్‌పల్లి మృతులూ కావాలి, ఉస్మానాబాద్ మృతులూ కావాలి. ఒకరి శవాలను లెక్కపెట్టి, మరొకరి శవాలను వదిలేసే ఉత్సవం రెండు వైపులా మనుషులను మోసం చేస్తుంది.

ఇక వామపక్షాల జ్ఞాపకం. ఊరి గడీని, వెట్టిని, భూమిని కథ నడిమధ్యకు తెచ్చింది వారే. ఆ రుణాన్ని మరచిపోతే చరిత్రకు ద్రోహం చేసినట్టే. అయినా ఆ కథలో కొమరయ్య ‘రైతుబిడ్డ’, ఐలమ్మ ‘వీరవనిత’. వారి కులం ఒక ఉపవాక్యంగా వచ్చిపోతుంది. ఉద్యమ నాయకత్వంలో భూములున్న కులాలవారు ఎక్కువగా ఉండటం, ‘దున్నేవాడికే భూమి’ అన్న నినాదంలో ఏ హక్కూ లేని జీతగాడి స్థానం ఏమిటన్నది స్పష్టం కాకపోవడం ఆ తరువాతి దళిత బహుజన మేధావులు లేవనెత్తిన ప్రశ్నలు. స్త్రీల విషయంలోనూ ఇదే జరిగింది. వారిని ఎదురుగా కూర్చోబెట్టుకుని వారి మాటల్లోనే వినే పని 1986లో స్త్రీ శక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ పుస్తకంతో చేసింది. పోరాటం ఆగిన 35 ఏళ్లకు గానీ ఆ గొంతులు అచ్చులోకి రాలేదు. చరిత్ర రాయడంలో ఆలస్యం కూడా ఒక రకమైన వడపోతే.

ఏ పేరులోనూ ఇమడని మరో చరిత్ర ఉంది. దాని గురించి ఏ ప్రభుత్వమూ సెప్టెంబరు 17న మాట్లాడదు. అది హైదరాబాద్ దళిత రాజకీయాల చరిత్ర. 1906లో భాగ్యరెడ్డి వర్మ జగన్ మిత్రమండలి స్థాపించే నాటికి ఆంధ్ర మహాసభ పుట్టలేదు, స్టేట్ కాంగ్రెస్ పుట్టలేదు. 1917లో బెజవాడలో ఆయన అధ్యక్షతన జరిగిన పంచమ సభ తనను తాను ఆది ఆంధ్ర మహాజన సభగా పిలుచుకుంది. ‘పంచములు’ అని ఎవరో పెట్టిన పేరును తోసిపుచ్చి, ఈ నేల తొలి వాసులం మేమే అని ప్రకటించడం చిన్న విషయం కాదు. 1931 జనగణనలో నిజాం ప్రభుత్వం అంటరాని కులాలవారిని ఆది హిందువులుగా నమోదు చేయడం వెనుక ఆ ఉద్యమం పట్టుదల ఉంది. ప్రభుత్వం పైనుంచి ప్రజలకు పేరు పెట్టడం మనం ఎరుగుదుం. ఇక్కడ ప్రజలు కిందినుంచి తమ పేరును తాము చెప్పి ప్రభుత్వ లెక్కల్లో రాయించారు. జాతి గుర్తింపు గురించిన చర్చలో తెలుగు నేల అందించిన గొప్ప పాఠం ఇది.

ఆ తరువాతి దశ మరింత చిక్కుముడి. 1947-48లో బి.ఎస్.వెంకటరావు లాయక్ అలీ మంత్రివర్గంలో మంత్రిగా ఉన్నారు. శ్యామ్ సుందర్ హైదరాబాద్ తరఫున ఐక్యరాజ్యసమితికి వెళ్లిన బృందంలో సభ్యుడు. మరోవైపు అంబేడ్కర్ 1947 నవంబరులో హైదరాబాద్ దళితులు నిజాం పక్షాన, ఇత్తెహాదుల్ ముస్లిమీన్ పక్షాన నిలవవద్దని స్పష్టంగా పిలుపు ఇచ్చారు. షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ ఆ దారిలో నడిచింది. ఒకే వాడ నుంచి వచ్చినవారు రెండు వైపులా ఎందుకు నిలబడ్డారు? ఎక్కడ తమ పిల్లలకు చదువు, ఉద్యోగం, గౌరవం దొరుకుతాయన్నది వారి ముందున్న ప్రశ్న. నిజాం రాజ్యమా భారత రాజ్యమా అన్నది ఆ ప్రశ్నకు లోబడిన విషయం. ఒక పక్షం అంచనా తప్పిందని మనం ఈనాడు చెప్పవచ్చు. అయితే వారి ప్రశ్నను అర్థం చేసుకోకుండా వారిని దేశద్రోహులుగా ముద్ర వేయడమో, పూర్తిగా తుడిచేయడమో చేస్తే దళితులకు సొంత రాజకీయ ఆలోచనే లేదని ఒప్పుకున్నట్టు అవుతుంది. విమోచన కథకు బాధితులు కావాలి, సమైక్యత కథకు సంతోషించే జనం కావాలి. తమ మేలు తామే బేరీజు వేసుకున్న దళిత నాయకులు ఈ రెండు కథలకూ పనికిరారు.

సరే, 1948 సెప్టెంబరు 17న వెట్టి ముగిసిందా? తేదీలను వరుసగా పెట్టి చూద్దాం. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు నిబంధన వచ్చింది. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. అదే ఏడాది అమల్లోకి వచ్చిన రాజ్యాంగంలోని 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. కాగితం మీద ఇక్కడితో కథ కంచికి చేరాలి. కానీ 1976లో భారత పార్లమెంటు వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం చేయవలసి వచ్చింది. ఆ చట్టంలోని నిర్వచనాల సెక్షన్‌ను విద్యార్థులు ఒక్కసారి చదవాలి. దేశంలో ఆచారం పేరిట నడుస్తున్న బలవంతపు చాకిరీ రూపాల జాబితా అందులో ఉంది. ఆ జాబితాలో భగేలా ఉంది, జీతం ఉంది, పాలేరు ఉంది, చివరన వెట్టి ఉంది. ‘విమోచన’ జరిగిన 28 ఏళ్లకు అదే దేశపు అత్యున్నత చట్టసభ, మన పల్లెల మాటలను పేరుపేరునా చట్టంలో రాసుకుని వీటిని రద్దు చేస్తున్నామని చెప్పింది. అంతకు మించిన సాక్ష్యం ఏ చరిత్రకారుడూ చూపలేడు.

చట్టం వచ్చిన రెండేళ్లకు, 1978 సెప్టెంబరు 7న, వేలాది మంది కూలీలు, పేద రైతులు జగిత్యాలలో జైత్రయాత్ర చేశారు. వెట్టి పోవాలన్నది వారి డిమాండ్లలో ఒకటి. ఆ ఏడాదే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఇంకో మూడేళ్లకు, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం గుమిగూడిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. మృతులు 13 మంది అని ప్రభుత్వం చెప్పింది. ఆ తరువాత ఎన్నో ఏళ్లపాటు ఏప్రిల్ 20 వచ్చిందంటే అక్కడి స్తూపం దగ్గరికి ఎవరూ రాకుండా నిషేధాజ్ఞలు ఉండేవి. ఒక తేదీని స్మరించమని ఆదేశించే ప్రభుత్వాలే మరో తేదీని స్మరించవద్దని ఆదేశించాయి. ప్రభుత్వ క్యాలెండర్‌లో ఏముందో చూసినవాళ్లు ఏది లేదో కూడా చూడాలి.

ప్రభుత్వాల పద్ధతి ఎప్పుడూ చెరిపివేతే అనుకుంటే పొరపాటు. ఇటీవలి కాలంలో చేర్చుకోవడం కూడా అంతే బలమైన పద్ధతి అయింది. 1986లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం ట్యాంక్‌బండ్ మీద ముప్పైకి పైగా విగ్రహాలు నిలిపి తెలుగు జాతి ఇదీ అని చూపింది. ఆ వరుసలో తమవారెందరని తెలంగాణ అడిగింది. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్‌లో కొన్ని విగ్రహాలు కూలాయి. ప్రత్యేక రాష్ట్రం వచ్చాక కుమ్రం భీం పేరిట జిల్లా ఏర్పడింది. 2024లో కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో సచివాలయంలో కొత్త తెలంగాణ తల్లి విగ్రహం వెలిసింది. తల మీద కిరీటం పోయింది, చేతిలో జొన్న, మొక్కజొన్న కంకులు ఉన్నాయి. దొరసాని రూపం పోయి కష్టజీవి రూపం వచ్చిందని కొందరు సంతోషించారు, బతుకమ్మను ఎందుకు తీసేశారని కొందరు కోపగించారు.

ఈ మార్పులను చిన్నచూపు చూడవలసిన పని లేదు. ఒక రజక స్త్రీ పేరు విశ్వవిద్యాలయం ముఖద్వారం మీద ఉండటం, ఆ పేరు పట్టా మీద రాసుకుని వేలాది ఆడపిల్లలు బయటికి రావడం ఈ సమాజంలో ఆషామాషీ విషయం కాదు. ఆ పేరును ఉచ్చరించడానికే మొహమాటపడిన తరాలు మన ముందు గడిచిపోయాయి. కానీ ఐలమ్మ కొట్లాడింది పేరు కోసం కాదు, కౌలు భూమి కోసం, దాని మీద తన రెక్కల కష్టంతో పండిన ధాన్యం కోసం. ఆమె పేరును స్వీకరించిన రాజ్యం ఆమె ప్రశ్నను కూడా స్వీకరించిందా? తెలంగాణ వచ్చాక దళిత కుటుంబాలకు మూడెకరాల భూమి ఇస్తామన్న వాగ్దానం కొద్దిమంది దగ్గరే ఆగిపోయింది. కౌలు రైతుకు గుర్తింపు నేటికీ వివాదమే. నాయకురాలిని శిలాఫలకం మీదికి ఎక్కించి, ఆమె తగాదాను మాత్రం కిందనే వదిలేస్తే, అది గౌరవంగా కనిపించే మరో రకం మరపు.

ఈ ధోరణి ఒక్క రాష్ట్రానికి పరిమితం కాదు. పొరుగు రాష్ట్రాల్లో సెప్టెంబరు 17 మరాఠ్వాడా ముక్తి సంగ్రామ దినం, కల్యాణ కర్ణాటక ఉత్సవ దినం. దేశం మొత్తానికి పాఠం చెప్పే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లో జరిగిన మార్పులను చూస్తే ఇదే సంగతి మరింత స్పష్టంగా అర్థమవుతుంది. 2019లో తొమ్మిదో తరగతి చరిత్ర పుస్తకం నుంచి దుస్తుల సామాజిక చరిత్ర అనే అధ్యాయాన్ని తీసేశారు. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు పైవస్త్రం వేసుకునే హక్కు కోసం చేసిన పోరాటం అందులో ఉండేది. 2022లో ‘హేతుబద్ధీకరణ’ పేరిట పన్నెండో తరగతి రాజనీతిశాస్త్రం నుంచి ప్రజా ఉద్యమాల అధ్యాయం పోయింది. దళిత్ పాంథర్స్ గురించి అందులో ఉండేది. మన నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాకు వ్యతిరేకంగా చేసిన పోరాటం గురించీ ఉండేది. మొగలుల అధ్యాయం తొలగింపు మీద దేశమంతా గొడవ జరిగింది, జరగాల్సిందే. దూబగుంట పోయిందని తెలుగువారిలో ఎందరికి తెలుసు? రాజుల గురించిన తగాదా పెద్దగా వినిపించే చోట కూలి స్త్రీల నిష్క్రమణ చప్పుడు లేకుండా జరిగిపోతుంది.

దీనికి ఎదురుగా ఒక వాదన వినిపిస్తుంది. దేశానికైనా రాష్ట్రానికైనా ఒక ఉమ్మడి కథ కావాలి కదా, గాయాలన్నీ రేపుతూ పోతే కలిసి బతకడం ఎలా అని. ఈ వాదనను తేలికగా తీసుకోరాదు. గాయాల చరిత్ర కూడా ఉత్సవంగా మారగలదు. ఇవాళ ఒక్కో కుల సంఘం తనకొక వీరుణ్ణి వెతుక్కుని, విగ్రహానికి స్థలం అడిగి, జయంతికి సెలవు కోరే పరిస్థితి ఉంది. ప్రభుత్వాలకు ఇది ఎంతో అనుకూలం. భూమి పంచడం కంటే విగ్రహాలు పంచడం సులువు. ఐలమ్మ రజకులకు, కొమరయ్య కురుమలకు, భాగ్యరెడ్డి వర్మ మాలలకు అని వాటాలు వేసుకుంటే, వీరందరినీ ఒకే గడీ ముందు నిలబెట్టిన సంబంధం ఏమిటో ఎవరూ అడగరు. కులాల వారీ వీరుల జాబితాకూ కుల వ్యవస్థ చరిత్రకూ చాలా దూరం ఉంది. మనకు కావలసింది రెండోది. వెట్టి చేసినవాడి చరిత్రతో పాటు చేయించుకున్నవాడి చరిత్ర కూడా అందులో ఉండాలి. ఆ కథ విని దొరల మనవలు సిగ్గుతో తల దించుకోవాలని ఎవరూ కోరడం లేదు. తమ తాతల గడీ గోడలు ఎవరి చేతులతో లేచాయో తెలుసుకుని, ఆ చేతుల వారసులతో సమానంగా కూర్చోగలిగితే అంబేడ్కర్ చెప్పిన సోదరత్వానికి అదే మొదటి మెట్టు.

ఇప్పుడు ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన అత్యవసరం ఏర్పడింది. 2024 చివర తెలంగాణ ప్రభుత్వం ఇంటింటి కులసర్వే జరిపింది. షెడ్యూల్డ్ కులాలు 17.43 శాతం, షెడ్యూల్డ్ తెగలు 10.45 శాతం, ముస్లింలలోని వారిని కలుపుకుని వెనుకబడిన తరగతులు 56.33 శాతం అని 2025 ఫిబ్రవరిలో లెక్కలు వెలువడ్డాయి. రాబోయే జనగణనలో కులాన్ని లెక్కిస్తామని కేంద్ర మంత్రివర్గం 2025 ఏప్రిల్ 30న నిర్ణయించింది. అంటే రెండు ప్రభుత్వాలూ వర్తమానంలో కులం ఉందని అంగీకరించాయి. ఆ అంకెల వెనుక ఉన్న గతాన్ని మాత్రం రెండూ తమ సెప్టెంబరు ఉపన్యాసాల్లోకి రానివ్వడం లేదు. చరిత్ర లేని అంకె వాటాల బేరానికే పనికొస్తుంది. ఒక కులానికి భూమి ఎందుకు లేదో, చదువు ఎందుకు ఆలస్యమైందో చెప్పగలిగేది వెట్టి చరిత్ర ఒక్కటే.

చేయవలసిన పనులు అసాధ్యమైనవి కావు. సుందర్‌లాల్ నివేదికను ప్రభుత్వమే అధికారికంగా తెలుగులో, ఉర్దూలో ప్రచురించాలి. రాష్ట్ర ఆర్కైవ్స్‌లోని ఉర్దూ, పార్శీ రెవెన్యూ పత్రాల అనువాదానికి విశ్వవిద్యాలయాల్లో పరిశోధన స్థానాలు కేటాయించాలి. పాఠ్యపుస్తకంలో ఆపరేషన్ పోలోకు ఒక పేజీ ఉంటే వెట్టికి, భగేలాకు, వాటి రద్దుకు జరిగిన సుదీర్ఘ పోరాటానికి కూడా ఒక పేజీ ఉండాలి. 1976 చట్టంలోని ఆ జాబితా విద్యార్థుల కంటపడాలి.

అన్నింటికంటే ముందు జరగవలసిన పని ప్రభుత్వానిది కాదు, విద్యార్థులది. 1940లలో వెట్టిని పిల్లలుగా చూసినవారు నేడు ఎనభైలు, తొంభైలు దాటుతున్నారు. 1970లలో జీతం ఉన్నవారు అరవైలు, డెబ్బైలలో ఉన్నారు. ఇంకొన్నేళ్లకు అడుగుదామన్నా ఎవరూ ఉండరు. ప్రతి కళాశాల నుంచి కొందరు తమ ఊళ్లకు వెళ్లి, గడీలో ఎవరి ఇంటి నుంచి ఎవరు ఏ పనికి పోయేవారు, ఆ పని ఏ ఏడు ఆగింది, ఎవరు ఆపారు అని అడిగి రాసుకుంటే చాలు. ఒక్కో ఊళ్లో ఒక్కో తేదీ బయటపడుతుంది. ఒక ఊళ్లో అది 1947 కావచ్చు, మరో ఊళ్లో 1978 కావచ్చు, ఇంకో ఊళ్లో అంతకంటే ఆలస్యం కావచ్చు. ఆ తేదీలన్నీ గుదిగుచ్చితే అది ఈ నేల విముక్తి చరిత్ర అవుతుంది. సెప్టెంబరు 17కు ఏ పేరు పెట్టాలో ఆ తరువాత మాట్లాడుకోవచ్చు.